పొలం నుంచి ఫ్లోరిడాకు ఆటో ట్రైన్: చలికి మకాం మార్చే పెద్దవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

న్యూజెర్సీలోనో పెన్సిల్వేనియాలోనో ఐదారెకరాల పొలం, అందులో ఇల్లు. వేసవంతా బీర, గోంగూర, టమాటా. నవంబరు వచ్చేసరికి మడిలో పని ఉండదు, మోకాళ్లు పట్టేస్తాయి. ఏప్రిల్ దాకా ఫ్లోరిడాలో మకాం. రిటైరైన దంపతులు ఇలా ఏటా రెండుచోట్ల కాపురం చేయడం ఇక్కడ పాత అలవాటే. వీళ్లను స్నోబర్డ్స్ అంటారు. ఇల్లు రెండైనా కారు మాత్రం ఒకటే. దాన్ని అంత దూరం తీసుకెళ్లడమే ఏటా వచ్చే తలనొప్పి. ఆ పనికి అమెరికా ప్రయాణికుల రైళ్ల సంస్థ ఆమ్‌ట్రాక్ నడిపే ఆటో ట్రైన్ ఎంతవరకు పనికొస్తుందో ఇక్కడ రాస్తున్నాం.

ముందే తేల్చి చెబుతాం. డబ్బు మిగులుతుందని ఎక్కకండి, మిగలదు. అరవై ఐదు దాటి, రాత్రి డ్రైవింగ్ కష్టమై, డిక్కీ నిండా సామానుతో వెళ్లేవాళ్లకు ఇంతకన్నా మంచి దారి లేదు. ఇద్దరూ గట్టిగా ఉండి, మధ్యలో ఒక రాత్రి హోటల్లో ఆగి వెళ్లగలిగితే ఇంటర్‌స్టేట్ 95 హైవే మీద సొంత డ్రైవింగే చాలు.

వర్జీనియాలోని లార్టన్‌కూ, ఫ్లోరిడాలో ఆర్లాండోకు పైన ఉన్న శాన్‌ఫర్డ్‌కూ మధ్య 855 మైళ్లు నడిచే రైలు ఇది. మనం బోగీల్లో, మన కారు వెనకాల మూత ఉన్న వ్యాగన్లలో. కారు లేకుండా ఎక్కనివ్వరు. 1971 డిసెంబరులో ఒక ప్రైవేటు కంపెనీ మొదలుపెట్టింది. 1981లో అది మూతపడితే, 1983 అక్టోబరులో ఆమ్‌ట్రాక్ మళ్లీ పట్టాలెక్కించింది. సాయంత్రం 5 గంటలకు రెండు వైపులా బయల్దేరి, మర్నాడు ఉదయం 10 ప్రాంతంలో చేరుతుంది. మధ్యలో సౌత్ కరోలినాలోని ఫ్లోరెన్స్‌లో సిబ్బంది మారడానికీ ఇంధనానికీ ఆగుతుంది తప్ప అక్కడ ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఉండరు.

ఖర్చు లెక్క

గ్యాలనుకు 28 మైళ్లిచ్చే కారైతే 855 మైళ్లకు ముప్పై గ్యాలన్ల చిల్లర గ్యాస్ పడుతుంది. గ్యాలను మూడుంపావు డాలర్లనుకుంటే వంద డాలర్లు. దారిలో ఒక రాత్రి హోటలు, నాలుగు పూటల భోజనం కలిపినా మూడొందల దగ్గర ఆగుతుంది. రైలుకు ఇద్దరి టికెట్లు, కారు టికెట్టు, పడుకునే గది ఛార్జీ అన్నీ కలిపి, సీజన్లో ఆ లెక్కకు రెండు మూడు రెట్లు కావడం మామూలు. అంటే మీరు కొంటున్నది పన్నెండు పదమూడు గంటల స్టీరింగ్ పని నుంచి విముక్తి. నడుం నొప్పి ఉన్నవాళ్లకు అది చిన్న విషయం కాదు.

ధర ఏ వైపు ప్రయాణమో దాన్నిబట్టి మారుతుంది. శీతాకాలం మొదట్లో అందరూ దక్షిణానికే పోతారు కాబట్టి ఆ వైపు గదులు ముందే అయిపోతాయి, ఎదురు దిశలో చవక. మార్చి, ఏప్రిల్‌లో ఇది తిరగబడుతుంది. రిజర్వేషన్ 11 నెలల ముందే తెరుస్తారు. బయల్దేరేముందు పొలంలో వెల్లుల్లి నాటే తేదీ మీకు ఎలాగూ తెలుసు, తిరిగి రావాల్సిన తేదీ కూడా తెలుసు. కాబట్టి రెండు టికెట్లూ అప్పుడే తీసుకోవడం మేలు. వెళ్లేటప్పుడు థాంక్స్‌గివింగ్ వారం, తిరిగొచ్చేటప్పుడు ఈస్టర్ తర్వాతి రెండు వారాలు వదిలేస్తే గది దొరికే అవకాశం పెరుగుతుంది.

ఏ గది తీసుకోవాలి

డబ్బు పెట్టేది ఇక్కడే, పొరపాటు జరిగేదీ ఇక్కడే. కోచ్ సీటు వెనక్కి బాగానే వాలుతుంది, కాళ్లకు ఆసరా కూడా ఉంటుంది. అయినా పదిహేడు గంటలు కూర్చుని ప్రయాణం చేయడం ఈ వయసులో వద్దు. కోచ్ వాళ్లకు రాత్రి భోజనం టికెట్లో కలవదు, కెఫేలో కొనుక్కోవాలి. గది తీసుకున్నవాళ్లకు రాత్రి భోజనం, ఉదయం ఫలహారం టికెట్లోనే.

రూమెట్ అనే చిన్న గది మూడున్నర అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు. పగలు ఎదురెదురు కుర్చీలు, రాత్రి అవే కలిసి కింది పడక. పై పడక గోడలోంచి దిగుతుంది. కింది పడక వెడల్పు 28 అంగుళాలు, పైది 24. రెండూ దించాక నిలబడి చొక్కా మార్చుకోవడానికి కూడా చోటు మిగలదు. పైకెక్కాలంటే చిన్న మెట్ల మీద పాదం మోపి ఒళ్లు మెలితిప్పాలి, కూర్చుంటే తల కప్పుకు తగులుతుంది. అర్ధరాత్రి రెండుసార్లు లేవాల్సిన మనిషిని ఆ పై పడక మీద పడుకోబెట్టకూడదు. రూమెట్లో టాయిలెట్ ఉండదు. పై అంతస్తులో ఒకటి, కింద కొన్ని, అందరికీ కలిపి. స్నానానికి షవర్ కింది అంతస్తులో.

బెడ్‌రూమ్ అనేది ఆరున్నర అడుగులు, ఏడున్నర అడుగులు. లోపలే టాయిలెట్, షవర్. కింది పడక 40 అంగుళాల వెడల్పు. పై పడక బాధ దీనిలోనూ ఉంది కానీ, రాత్రి ఊగే రైల్లో నడవా పట్టుకుని టాయిలెట్ వెతుక్కోవాల్సిన పని తప్పుతుంది. ఇద్దరిలో ఒకరికి మోకాలి ఆపరేషన్ అయిందా, ప్రోస్టేట్ మందులు వాడుతున్నారా, తేడా ఎంతైనా బెడ్‌రూమే తీసుకోండి. ఇద్దరికీ పై పడక ఎక్కడం కష్టమైతే రెండు రూమెట్లు ఎదురెదురుగా తీసుకోవడం మూడో దారి. కొన్ని తేదీల్లో అది బెడ్‌రూమ్ కన్నా చవగ్గా పడుతుంది. ఫోన్ చేసి అడిగితే నడవాకు అటూ ఇటూ ఉన్న గదులు చూసి ఇస్తారు.

రెండంతస్తుల బోగీలు కాబట్టి ఇంకో సంగతి. ఒక బోగీలోంచి ఇంకో బోగీలోకి వెళ్లే దారి పై అంతస్తులోనే ఉంటుంది. భోజనాల బోగీకీ అంతే. కింది గది తీసుకుంటే ఊపు తక్కువ, నిద్ర బాగా పడుతుంది. కానీ భోజనానికి ఇరుకు మెట్లు, మధ్యలో ఒక మలుపు, ఎక్కి దిగాలి. ఎక్కలేనివాళ్లకు బోగీ అటెండెంటు గదికే భోజనం తెచ్చిస్తారు. మొదటే చెప్పి పెట్టుకోవాలి.

రాత్రి భోజనానికి ఏ పంక్తి కావాలో అడుగుతారు. షుగర్ ఉన్నవాళ్లు మొదటి పంక్తి చెప్పండి. ఆలస్యంగా వేసే పంక్తికి కూర్చుంటే మాత్ర వేళ తప్పుతుంది. శాకాహారమైతే టికెట్ తీసుకునేటప్పుడే చెప్పాలి. అయినా ఒక డబ్బా పులిహోర, చిన్న గిన్నె పెరుగన్నం సంచిలో పెట్టుకోండి. సొంత తిండి గదిలో కూర్చుని తినొచ్చు, భోజనాల బోగీలో కాదు.

డిక్కీ సర్దడం

ఈ రైలుకు అసలు బలం డిక్కీ. విమానంలో 50 పౌండ్ల పెట్టెకు లెక్కలు చూసుకునే మనం ఇక్కడ వెట్ గ్రైండరు, ప్రెషర్ కుక్కర్లు, ఆవకాయ జాడీలు, బియ్యం, ఆర్నెల్ల మందులు అన్నీ కార్లోనే వదిలేయొచ్చు. దానికీ హద్దుంది. డ్రైవరు తలుపు తీస్తే పక్క కమ్మీ మీద కారు మోయగల బరువు రాసిన స్టిక్కరు ఉంటుంది. మామూలు సెడాన్‌కు 850 పౌండ్ల చుట్టుపక్కల రాస్తారు. ఇద్దరు మనుషులు మూడొందలు తీసేస్తే సామానుకు ఐదొందల యాభై. ఇరవై పౌండ్ల బియ్యం సంచులు నాలుగు, గ్రైండరు, పుస్తకాల పెట్టెలు, ఇలా ఒక్కొక్కటే వేస్తూ పోతే ఆ హద్దు తెలియకుండానే దాటొచ్చు.

దాటితే ఏమవుతుందంటే, కారు వెనక భాగం కిందికి కూర్చుంటుంది. ఆటో ట్రైన్‌కు నేల నుంచి కారు అడుగుకు కనీసం 4 అంగుళాల ఎడం ఉండాలి. వ్యాగన్లోకి ర్యాంపు మీద ఎక్కేటప్పుడు వంపు దగ్గర రాసుకునేది వెనక బంపరు కింది భాగమే. సమతల నేల మీద సరుకంతా వేసి, వెనక చక్రాల మధ్య కారు అడుగు భాగానికి టేపు పెట్టి కొలవండి. ఐదంగుళాలకు తగ్గితే బరువైనవి వెనక సీటు కింద కాళ్ల చోటుకు మార్చండి. కారు కప్పు మీద పెట్టెలు, వెనక తగిలించే సైకిలు స్టాండు పెట్టకండి, తీసేయమంటారు. ప్రొపేన్ సిలిండర్లు, చైన్‌సాకు వాడే గ్యాస్ డబ్బాలు కార్లో ఉండకూడదు. పొలం నుంచి నేరుగా వచ్చేవాళ్ల కార్లలో ఇవి ఏదో మూల ఉండిపోతుంటాయి, బయల్దేరే ముందు స్పేర్ టైరు చోటు కూడా చూడండి. కుక్కనో పిల్లినో కార్లో ఉంచడానికి అసలే వీల్లేదు.

ఊరగాయ జాడీలకు ప్రత్యేకంగా చెప్పాలి. రాత్రంతా ఊపుకు నూనె పైకొచ్చి మూత మరల్లోంచి కారుతుంది. జాడీలో నూనె మట్టం మూతికి ఒక అంగుళం కిందే ఉంచి, మూతి మీద ప్లాస్టిక్ రేకు బిగువుగా పరిచి, దాని మీద మూత తిప్పి, జిప్‌లాక్ సంచిలో పెట్టండి. ఆ సంచుల్ని ఐదు గ్యాలన్ల బకెట్లో నిటారుగా నిలబెట్టి, సందుల్లో పాత తువ్వాళ్లు కూరండి. బకెట్ కారు మధ్యలో, సీటు బెల్టు దాటించి కట్టాలి. పడుకోబెట్టి తెచ్చిన జాడీ కారకుండా చేరదు.

కారు ఒకసారి అప్పగిస్తే శాన్‌ఫర్డ్‌లో దిగేదాకా దాని దగ్గరకు పోనివ్వరు. అందుకని రాత్రి సంచి వేరుగా కట్టుకోండి. రెండు రోజుల మందులు, ఇన్సులిన్ ఉంటే చిన్న చల్లసంచిలో, కళ్లజోడు, ఊలు శాలువా (గదులు చల్లగా ఉంటాయి), పట్టు ఉన్న చెప్పులు, ఫోన్ ఛార్జరు. నిద్రలో ఊపిరి ఆగకుండా సీప్యాప్ మిషను వాడేవాళ్లు ఆరడుగుల ఎక్స్‌టెన్షన్ తీగ తప్పక పెట్టుకోవాలి, గదిలో ప్లగ్ మంచం తల వైపు ఉండాలని లేదు.

ఇల్లు మూసే రోజూ రైలు రోజూ ఒకటి కాకూడదు

కారు చెకిన్ ఉదయం 11:30కి మొదలవుతుంది, 3 గంటలకల్లా అప్పగించాలి. 3 దాటితే రైలు లేనట్టే. మధ్య న్యూజెర్సీ నుంచి లార్టన్ 220 మైళ్లు, బాగుంటే నాలుగు గంటలు. కానీ బాల్టిమోర్, వాషింగ్టన్ బెల్ట్‌వే దాటాలి, అక్కడ ఒక ప్రమాదం జరిగితే గంటన్నర పోతుంది. ఉదయం ఏడింటికి బయల్దేరాలన్నమాట. ఆ పూటే పొలం ఇంటి నీళ్లు ఖాళీ చేయడం పెట్టుకుంటే ఏదో ఒకటి మరిచిపోతారు.

నీళ్లు ఖాళీ చేయడం ఎందుకంటే, గడ్డకట్టే నీరు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. పైపు పగిలేది మంచు ఉన్నచోట కాదు. మంచు బిరడాకూ మూసి ఉన్న కుళాయికీ మధ్య చిక్కిన నీటి ఒత్తిడి వల్ల పగులుతుంది. వరుస తప్పకుండా చేయాల్సిన పని ఇది. మొదట బోరు పంపు బ్రేకరు తీసేయాలి. తర్వాత వాటర్ హీటర్ కరెంటో గ్యాసో ఆపాలి. నీళ్లు లేకుండా కరెంటు ఉంటే లోపలి కాయిల్ నిమిషాల్లో మాడిపోతుంది. హీటరు అడుగు కుళాయికి గార్డెన్ హోస్ తగిలించి, పై అంతస్తులో వేడినీళ్ల కుళాయి తెరిచి పెట్టండి, గాలి వెళ్తేనే నీళ్లు దిగుతాయి. ప్రెషర్ ట్యాంకు అడుగు వాల్వు తెరవండి. ఇంట్లో అన్ని కుళాయిలూ తెరిచి వదిలేయండి. టాయిలెట్లు ఫ్లష్ చేసి, మిగిలిన నీళ్లు స్పాంజితో తీయండి.

సింకుల కింది వంపుల్లో, టాయిలెట్ గిన్నెలో, షవర్ రంధ్రంలో నీరు గడ్డకట్టకుండా చూసే గులాబి రంగు ఆర్‌వీ యాంటీఫ్రీజ్ పోయాలి. ఒక్కో దానికి రెండు కప్పులు, టాయిలెట్‌కు ఒక క్వార్టు. బట్టలుతికే మిషనులో ఒక క్వార్టు పోసి నీళ్లు బయటికి తోసే సైకిల్ ఒక నిమిషం తిప్పండి. రెండు బాత్‌రూముల ఇంటికి మొత్తం రెండు గ్యాలన్లు చాలు. కార్లకు వాడే ఆకుపచ్చ యాంటీఫ్రీజ్ విషం, ఇంట్లో పోయకండి. పొలంలో నిలబెట్టిన ఫ్రాస్ట్‌ప్రూఫ్ (చలికి గడ్డకట్టదని అమ్మే) కుళాయికి హోస్ తగిలించి ఉంచితే లోపలి నీళ్లు కిందికి దిగవు, దాని పేరు ఏదైనా సరే పగులుతుంది. హోస్ విప్పేయాలి. ఇంటి ఇన్సూరెన్స్ ఏజెంటుకు ఐదు నెలలు ఇల్లు ఖాళీగా ఉంటుందని రాతపూర్వకంగా చెప్పండి. చాలా పాలసీల్లో ఇంట్లో వేడి ఉంచడమో నీళ్లు దించడమో ఏదో ఒకటి చేయకపోతే గడ్డకట్టి పగిలిన నష్టం ఇవ్వరు.

అందుకని మా సలహా ఇది. రైలుకు ముందు రోజు పొద్దున్నే ఈ పనంతా ముగించి, మధ్యాహ్నం బయల్దేరి, లార్టన్ పక్కన ఉన్న వుడ్‌బ్రిడ్జిలోనో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనో ఆ రాత్రి ఆగండి. ఒక రాత్రి హోటలు ఖర్చు పెరుగుతుంది, ట్రాఫిక్ భయం పోతుంది. నీళ్లు లేని ఇంట్లో ఆఖరి రాత్రి గడిపే అవస్థా తప్పుతుంది.

వెల్లుల్లి మాటకొస్తే, చలికి వెళ్లిపోయేవాళ్లకు ఇంతకన్నా కలిసొచ్చే పంట లేదు. అక్టోబరు 15 నుంచి నెలాఖరులోపు గట్టికాడ (హార్డ్‌నెక్) రకం రెబ్బలు రెండంగుళాల లోతున, ఆరంగుళాల ఎడంతో నాటి, నాలుగైదు అంగుళాల మందాన గడ్డి పరిస్తే చలి అది చూసుకుంటుంది. గడ్డి పలచగా వేస్తే నేల గడ్డకట్టి కరిగినప్పుడల్లా రెబ్బ పైకి తన్నుకొస్తుంది. ఏప్రిల్ మధ్యలో తిరిగొచ్చి నత్రజని ఎరువు వేస్తే జూలై మొదట్లో తవ్వుకోవచ్చు. తిరుగు టికెట్టు తేదీ దీన్నిబట్టే పెట్టుకోండి. మే దాకా ఆగితే ఎరువు వేళ దాటిపోతుంది.

బయల్దేరే ముందు కారు చక్రాల లోపలి అంచులు, బంపరు కింద, ట్రెయిలరు కొక్కెం టార్చి వేసి చూడండి. బూడిద రంగు బురద పూసినట్టు అంగుళం పొడవున మరక కనిపిస్తే అది మట్టి కాకపోవచ్చు, స్పాటెడ్ లాంటర్న్‌ఫ్లై గుడ్ల ముద్ద కావచ్చు. ఒక్కో దానిలో 30 నుంచి 50 గుడ్లు. 2014లో అమెరికాలో తొలిసారిగా పెన్సిల్వేనియాలో కనిపించిన ఈ పురుగు ద్రాక్షకు ప్రాణాంతకం, దూర ప్రాంతాలకు అది ఎక్కువగా చేరేది ఇలా వాహనాల మీదే. పాత క్రెడిట్ కార్డుతో గీకి, రబ్బింగ్ ఆల్కహాల్ పోసిన జిప్‌లాక్‌లో వేసి మూయండి.

లార్టన్‌లో, శాన్‌ఫర్డ్‌లో

లార్టన్‌లో కారు వరుసలోకి వెళ్లగానే తలుపు మీద అయస్కాంతం నంబరు అతికిస్తారు, కారు చుట్టూ వీడియో తీస్తారు. పాత గీతలు మీరూ ఫోన్లో తీసి ఉంచుకోండి, రేపు ఏదైనా తేడా వస్తే ఆ ఫొటోలే ఆధారం. అలారం ఆపేయాలి. తాళాల గుత్తి ఇవ్వకండి, కారు తాళం ఒక్కటే విప్పి ఇవ్వండి, ఇంటి తాళాలు మీ దగ్గరే ఉండాలి.

శాన్‌ఫర్డ్‌లో కార్లు దించే వరుసకూ మీరు ఇచ్చిన వరుసకూ సంబంధం లేదు. ముందొచ్చి ఇచ్చినవాళ్లదే చివర్లో రావచ్చు. గంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. అదనపు రుసుముతో ముందు దింపే సౌకర్యం ఉంది, కొద్ది కార్లకే. ఎక్కువసేపు కూర్చోలేనివాళ్లకు అది పెట్టాల్సిన ఖర్చే. దారిలో ఎక్కువ భాగం పట్టాలు సీఎస్ఎక్స్ అనే సరుకు రైళ్ల కంపెనీవి కాబట్టి ఆలస్యాలు ఉంటాయి. దిగిన రోజే డాక్టరు అపాయింట్‌మెంటు పెట్టుకోకండి. టాంపా దాకా ఇంకా రెండు గంటలు డ్రైవింగ్ ఉంటుంది.

తిరుగు ప్రయాణంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఫ్లోరిడాలో పెరట్లో ఏపుగా పెరిగిన కరివేపాకు మొక్కను ఉత్తరానికి కార్లో తేకండి. సిట్రస్ గ్రీనింగ్ అనే తెగులు 2005లో ఫ్లోరిడాలో బయటపడింది. దాన్ని మోసే చిన్న పురుగుకు కరివేపాకు ఇష్టమైన ఆకు. రాష్ట్రమంతా క్వారంటైన్‌లో ఉంది. మొక్కా కొమ్మా పచ్చి ఆకూ ఏదీ దాటించకూడదు. ఆకు కోసి అక్కడే పొడి చేసి తెచ్చుకోండి. మొక్క కావాలంటే న్యూజెర్సీలోనే కుండీలో ఇంటి లోపల పెంచుకోవాలి. మీరు లేని ఐదు నెలలూ దానికి పదిహేను రోజులకోసారి నీళ్లు పోసే పక్కింటివాళ్లు దొరికితే చాలు. వేడి ఆపేసిన ఇంట్లో వదిలితే బతకదు, వాళ్లింటికే పంపేయండి.